సమాధులు కడిగిన వారం: పోలాండులోని అత్తవారింటికి నా తొలి ప్రయాణం

పెళ్లికి ముందు ఒకసారి తమ ఇంటికి వచ్చి అందరినీ చూసి వెళ్లమని, నేను పెళ్లి చేసుకోబోయే ఆయన తల్లిదండ్రులు కబురు పంపినప్పుడు, క్రిస్మస్‌కు గాని, ఎండలు బాగుండే జూన్, జూలై నెలల్లో గాని రమ్మంటారని అనుకున్నాను. వాళ్లు చెప్పింది అక్టోబరు ఆఖరి వారం. ఆయన హైదరాబాదులో ఉద్యోగానికి వచ్చిన కాలంలో మాకు పరిచయమైంది. ఆయనది పోలాండు దక్షిణ భాగంలో, టార్నోవ్ పట్టణానికి దగ్గరలో ఉన్న ఒక పల్లె. నవంబరు 1న ఊళ్లోని ప్రతి కుటుంబమూ తమ పెద్దల సమాధుల దగ్గర కలుసుకుంటుందనీ, పై ఊళ్లలో స్థిరపడినవాళ్లు సైతం ఆ రోజుకు ఇల్లు చేరతారనీ, బంధువులందరినీ ఒకే చోట చూడాలంటే అంతకు మించిన సమయం ఉండదనీ వాళ్ల అమ్మగారి అభిప్రాయం.

మా అమ్మకు ఈ మాట బొత్తిగా నచ్చలేదు. "పెళ్లి కాకముందే పిల్లను శ్మశానానికి తీసుకెళ్లడమేమిటే? శుభమా అని వెళుతున్నదానివి, వేరే రోజే దొరకలేదా వాళ్లకు?" అని చాలా రోజులు బాధపడింది. ఆమె బాధను నేను కొట్టిపారేయలేకపోయాను. నాన్న పోయినప్పటి నుంచి ఇంట్లో శుభాశుభాల పట్టింపు ఆమెకు మరీ ఎక్కువైంది. అయినా వాళ్లు నన్ను పిలుస్తున్నది వేడుక చూడడానికి వచ్చే అతిథిగా కాదు, ఇంటివాళ్లు మాత్రమే చేసే పనిలోకి పిలుస్తున్నారు అన్న సంగతి నాకు అర్థమైంది. అదే మాట అమ్మకు చెప్పాను. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు గాని, వెళ్లవద్దని కూడా అనలేదు.

వీసా విషయం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే పెళ్లి కాని జంటలకు ఎక్కువ భయం అక్కడే ఉంటుంది. పోలాండు షెంగెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల సమూహంలో, ఉంది కాబట్టి, ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించకుండా ఉండేందుకు ఇచ్చే స్వల్పకాలిక వీసాకు దరఖాస్తు చేశాను. రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ప్రయాణ బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, ప్రయాణానికి పదిహేను రోజులకన్నా తక్కువ గడువు ఉంటే ఇవ్వడానికి వీలుండదు. ఉద్యోగ ధ్రువపత్రం, సెలవు మంజూరు పత్రం, బ్యాంకు లావాదేవీల పత్రాలు, తిరుగు ప్రయాణపు టికెట్టు వంటివి ఎవరికైనా మామూలే. నా దరఖాస్తులో ముఖ్యమైనది ఆహ్వాన పత్రం. ఎవరో తెల్లకాగితం మీద రాసి పంపే ఉత్తరం కాదిది. ఆయన తండ్రిగారు తమ ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లి, తమ ఆదాయానికీ ఇంటికీ ఆధారాలు చూపించి, నేను అక్కడ ఉన్నన్నాళ్లూ నా వసతి, భోజనం, అవసరమైతే వైద్యం, చివరికి తిరుగు ప్రయాణపు ఖర్చు కూడా తామే భరిస్తామని పూచీ ఇస్తేనే ఆ కార్యాలయం దాన్ని తమ దస్త్రంలో నమోదు చేసి ఇచ్చింది. నన్ను అప్పటిదాకా ఫోను తెరమీద తప్ప చూడని మనిషి, నా కోసం ప్రభుత్వానికి పూచీకత్తు రాసి ఇచ్చారు. ఆ కాగితం చేతికి వచ్చిన రోజున, ఆ ఇంటివాళ్ల గురించి అంతవరకు నాలో ఉన్న సందేహాలలో సగం తీరిపోయాయి.

దరఖాస్తుతో జతచేసే ఉత్తరంలో మా బంధాన్ని దాచకుండా, తిప్పి రాయకుండా, ఉన్నది ఉన్నట్టు రాశాను. మేము పెళ్లి చేసుకోబోతున్నామనీ, పెళ్లి భారతదేశంలోనే జరుగుతుందనీ, ఇది కుటుంబాన్ని కలవడానికి చేస్తున్న ప్రయాణం మాత్రమేననీ రాసి, మేమిద్దరం కలిసి ఉన్న కొన్ని ఫొటోలు, ఆయన ఇక్కడ పనిచేసిన కాలపు ఆధారాలు జతచేశాను. పర్యాటకానికి వెళుతున్నట్టు రాస్తే సులువుగా పని జరుగుతుందని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. అది తప్పు సలహా అని నా దృఢమైన అభిప్రాయం. ఆహ్వాన పత్రంలో ఒక కుటుంబం పేరు పెట్టుకుని, ఉత్తరంలో చారిత్రక స్థలాలు చూడబోతున్నానని రాస్తే రెండింటికీ పొంతన కుదరదు. నాకు అదనపు ప్రశ్నలేవీ రాలేదు, వీసా సమయానికే వచ్చింది.

బయలుదేరే ముందు ఆయన నాకు రెండు మూడు సంగతులు చెప్పారు. ఇంటి ఇల్లాలికి పూలు తీసుకువెళ్లడం మర్యాద, అయితే వాటి సంఖ్య బేసిగా ఉండాలి, చామంతులు మాత్రం ఎంతమాత్రం పనికిరావు, ఎందుకంటే అక్కడ చామంతి సమాధుల మీద పెట్టే పువ్వు. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు మనం మీరు అన్నట్టే గౌరవంగా మాట్లాడాలి, వాళ్లే చనువిచ్చేదాకా పేరు పెట్టి పిలవకూడదు. గడప దాటి లోపలికి రాగానే బూట్లు విడిచి, అతిథుల కోసం ఉంచే మెత్తని చెప్పులు తొడుక్కోవాలి. ఈ చివరి మాట విన్నప్పుడు నాకు కొంత ధైర్యం కలిగింది, చెప్పులు బయట విడిచే ఇల్లు నాకు పరాయిది అనిపించదు.

ఢిల్లీ నుంచి వార్సాకు, అక్కడి నుంచి క్రాకోవ్‌కు విమానంలో చేరుకుని, క్రాకోవ్ నుంచి టార్నోవ్‌కు రైలులో వెళ్లాం. ఆ రైలు ప్రయాణం గంటకు అటూ ఇటూగా ఉంటుంది. ఊరు చేరేసరికి చీకటి పడింది. వాళ్ల అమ్మగారు తలుపు తీసి నిలుచున్నారు. నేను గడప ఇవతల నుంచే పూలు అందించి చేయి చాచబోతే ఆవిడ తల అడ్డంగా ఊపి, నా మణికట్టు పట్టుకుని లోపలికి లాగి, నా రెండు కాళ్లూ గడప దాటిన తరువాతే కౌగిలించుకున్నారు. గడపకు ఇటొకరు అటొకరు నిలబడి పలకరించుకోవడం, చేయి కలపడం వాళ్లకు అశుభమట. గడప మీద నిలబడి ఏమీ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అని చిన్నప్పటి నుంచీ విన్నదాన్ని కాబట్టి, ఆవిడ ఎందుకు లాగారో ఎవరూ చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

ఆ ఇంట్లో ఆయన తల్లిదండ్రులు, తండ్రిగారి తల్లి ఉంటారు. మేము వెళ్లిన మరుసటి రోజు ఆయన అక్కగారు, బావగారు, వాళ్ల చిన్న కొడుకు వచ్చారు. అక్కగారికి ఇంగ్లీషు వచ్చు. కమ్యూనిస్టు ప్రభుత్వం ఉన్న కాలంలో బడిలో రష్యన్ నేర్చుకోవడం తప్పనిసరి కావడం వల్ల అత్తగారికి, మామగారికి ఆ భాష కొంత వచ్చు గాని, ఇంగ్లీషు రాదు. నాకు వచ్చిన పోలిష్ మాటలు పలకరింపులకు, కృతజ్ఞత చెప్పడానికి తప్ప చాలవు. కాబట్టి ఆయనో, అక్కగారో పక్కన లేనప్పుడు మా మధ్య మాటలు సాగేవి కావు. మొదటి రోజు భోజనాల బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఇది చాలా ఇబ్బంది పెట్టింది. అందరూ నా వైపు ఆదరంగా చూస్తున్నారు, నేను చిరునవ్వు నవ్వుతున్నాను, ఆయన ఒక్కరే ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేస్తూ సగం భోజనం వదిలేశారు.

వంటింట్లోకి వెళ్లాక పరిస్థితి మారింది. నేను మాంసం తిననని ముందే తెలుసు కాబట్టి అత్తగారు నాకోసం ప్యెరోగి చేయడానికి సిద్ధపడ్డారు. ఉడికించి మెదిపిన బంగాళాదుంప, వాళ్లు త్వరూగ్ అనే పొడి పెరుగుజున్ను, నూనెలో వేయించిన ఉల్లిపాయ కలిపిన ముద్దను మెత్తటి గోధుమపిండి బిళ్లల మధ్య పెట్టి, అంచులు మూసి, నీళ్లలో ఉడికిస్తారు. చూడడానికి అది అచ్చం మన కజ్జికాయే. ఆవిడ అంచులను వేళ్లతో నొక్కి మూస్తుంటే, నేనూ ఒకటి తీసుకుని, పండుగలకు ఇంట్లో మా అమ్మ నేర్పినట్టు అంచును మడత మీద మడతగా మెలిపెట్టాను. ఆవిడ దాన్ని వెలుతురు దగ్గర పట్టుకుని చూసి, అత్తగారిని, అంటే నాయనమ్మగారిని, కేకేసి పిలిచారు. ఆ ముసలావిడ కళ్లజోడు సవరించుకుని చూసి, బల్ల మీద ఉన్న పిండి బిళ్లలన్నీ నా ముందుకు నెట్టారు. అక్కడి నుంచి మూయడం నా వంతు, ఉడికించడం అత్తగారి వంతు, లెక్కపెట్టి పళ్లెంలో పేర్చడం నాయనమ్మగారి వంతు అయింది. ఆ పూట మాకు ఎవరూ అనువదించలేదు, అవసరం కూడా రాలేదు.

అసలు పని మాత్రం శ్మశానంలో ఉంది. నవంబరు 1 సకల పునీతుల దినం, 2వ తేదీ మరణించిన వారందరి కోసం ప్రార్థించే దినం. ఆ రెండు రోజులకు ముందు వారమంతా కుటుంబాలు తమ సమాధులను కడిగి, తుడిచి, రాలిన ఆకులు ఎత్తి సిద్ధం చేసుకుంటాయి. ఊరి చర్చికి కొద్ది దూరంలో, వాలు నేల మీద ఉంది ఆ స్థలం. బకెట్లు, గట్టి కుంచెలు, పాత గుడ్డలు, చేతి తొడుగులు, ఆకులు దువ్వే దంతె కారులో వేసుకుని వెళ్లాం. నీళ్లు లోపలున్న కొళాయి దగ్గర పట్టుకోవాలి. చలికి చేతివేళ్లు మొద్దుబారిపోతున్నా ఎవరూ తొందరపడలేదు.

తాతగారి సమాధి నల్లని నునుపు రాతిది, దాన్ని కడగడం సులువే. దాని వెనుక వరుసలో ఉన్న ముత్తాతగారిది, రాతి పలుకులు సిమెంటుతో కలిపి పోతపోసి అరగదీసిన పాతకాలపు సమాధి. దాని గుంటల్లో నాచు పట్టి ఉంది. దాన్ని నాకు అప్పగించారు. సబ్బు నీళ్లతో ఎంత రుద్దినా చెక్కిన అక్షరాల లోపలి నాచు పోకపోతే, మామగారు జేబులోంచి ఒక చిన్న పుల్ల తీసి, దానితో ఒక్కో అక్షరం గాడిలోనూ ఎలా గీరాలో చూపించారు. ఆ ఇంటిపేరులోని అక్షరాలను ఒకటొకటిగా పుల్లతో శుభ్రం చేసుకుంటూ వెళ్లాను. ఆ పేరు అంతకు ముందు వీసా కాగితాల మీద చాలాసార్లు రాశాను గాని, ఆ రోజు తరువాత మళ్లీ చూసి రాయవలసిన అవసరం రాలేదు.

తాతగారి రాయి మీద ఒక సంగతి నన్ను నిలబెట్టేసింది. ఆయన పేరు, పుట్టిన, పోయిన సంవత్సరాలు ఉన్న చోటికి కిందనే నాయనమ్మగారి పేరు, పుట్టిన సంవత్సరం చెక్కి ఉన్నాయి. పక్కన ఒక గీత, ఆ గీత తరువాత ఖాళీ. భర్త రాయి చేయించినప్పుడే భార్య పేరూ చెక్కించి ఉంచడం అక్కడ చాలాచోట్ల ఉందట. నాయనమ్మగారు తన పేరు మీద కూడా అంతే శ్రద్ధగా తడిగుడ్డతో తుడిచి, ఖాళీ చోటును కూడా తుడిచి, చామంతి కుండీని సరిగ్గా ఎక్కడ పెట్టాలో మనవడికి చేతితో చూపించారు. నేను కంగారుగా చూడడం గమనించి, "ఇది నా చోటు, చూసుకోవద్దూ?" అన్నారని అక్కగారు చెప్పారు. ఆవిడ ముఖంలో భయం గాని, విచారం గాని లేవు.

అక్కడ కూర్చున్నప్పుడే ఆ కుటుంబ చరిత్ర నాకు తెలిసింది. 1918 దాకా పోలాండు మూడు సామ్రాజ్యాల మధ్య చీలిపోయి ఉంది, ఈ ప్రాంతం ఆస్ట్రియా పాలనలో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన పూర్వీకులలో ఒకరు ఆస్ట్రియా సైన్యంలో పోరాడితే, సరిహద్దుకు అవతల ఉన్న పోలిష్ యువకులు రష్యా సైన్యంలో ఎదురు నిలిచారు. 1915 మే నెలలో గోర్లిట్సె, టార్నోవ్ ప్రాంతంలో మొదలైన పెద్ద దాడిలోనూ, అంతకు ముందూ చనిపోయిన సైనికుల కోసం ఈ చుట్టుపక్కల సుమారు 400 యుద్ధ శ్మశానాలు కట్టారు. వాటిలో ఆస్ట్రియా, జర్మనీ, రష్యా సైనికులను పక్కపక్కనే పాతిపెట్టారు. అలాంటిదే ఒకటి ఊరి చివర, చెట్ల మధ్య ఉంది. అక్కగారి అబ్బాయిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లి, పేరు లేని రాళ్ల ముందు కూడా దీపాలు పెట్టి వచ్చాం. వెళ్లేసరికే స్కౌటు పిల్లలు కొందరు ఆకులు ఊడ్చి, కొన్ని దీపాలు వెలిగించి ఉన్నారు. తమకు ఏమీ కాని, ఒకప్పుడు శత్రువులుగా వచ్చిన సైనికుల కోసం కూడా ఊరివాళ్లు ఇది చేయడం నేను ఆ దేశంలో చూసినవాటిలో గొప్పది అనుకుంటాను.

భారతదేశం గురించి నాయనమ్మగారికి తెలిసినది ఒక మహారాజు కథ. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సోవియట్ యూనియన్ నుంచి బయటపడిన పోలిష్ అనాథ పిల్లలకు నవానగర్ పాలకుడు జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ 1942లో జామ్‌నగర్ దగ్గరి బాలాచడీలో ఆశ్రయం కల్పించారు. కొల్హాపూర్ దగ్గర వలీవడేలో కూడా పోలిష్ స్త్రీలు, పిల్లలు యుద్ధం ముగిశాక కూడా కొన్నేళ్లపాటు తలదాచుకున్నారు. వార్సాలో ఒక చౌకుకు ఆయన గుర్తుగా 'మంచి మహారాజు' అని పేరు పెట్టుకున్నారు. "మా పిల్లలకు అన్నం పెట్టిన దేశం నుంచి వచ్చావు" అని ఆవిడ నాతో అన్నారు. గుజరాత్‌లో జరిగినదానికి తెలుగుదాన్నైన నేను ఆ గౌరవం అందుకోవడం సబబేనా అనిపించింది గాని, కాదనే మాట నా నోటికి రాలేదు.

అంతా ఇంత సులువుగా జరిగిందని రాస్తే అది నిజం కాదు. ఒక రాత్రి భోజనాలయ్యాక మామగారు, దాచుకోవలసిన అవసరం లేదన్నట్టు, నేరుగా అడిగారు. పుట్టే పిల్లలు ఏ మతంలో పెరుగుతారు అన్నది ఆయన ప్రశ్న. ఆయన కొడుకు సమాధానం చెప్పబోతుంటే ఆగమని, నన్నే చెప్పమన్నారు. వాళ్లది ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే కుటుంబం. బాప్తిస్మం పొందని మనిషిని చర్చిలో పెళ్లాడాలంటే బిషప్ నుంచి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి, పిల్లలను కథోలిక విశ్వాసంలో పెంచడానికి తన శక్తి మేరకు ప్రయత్నిస్తానని కథోలిక పక్షం మాట ఇవ్వాలి. ఆ సంగతి నేను ముందే తెలుసుకుని ఉన్నాను. నేను మతం మారననీ, ఆయనను మారమని అడగననీ, పిల్లలకు రెండు ఇళ్ల ప్రార్థనలూ నేర్పుతామనీ, పెద్దయ్యాక వాళ్లు దేనిని తమదిగా ఎంచుకుంటారో ఇప్పుడు నేను మాట ఇవ్వలేననీ, అక్కగారు ఒక్కో వాక్యం అనువదించేదాకా ఆగుతూ, చెప్పాను. మామగారు చాలాసేపు మాట్లాడలేదు. నాయనమ్మగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడకు చర్చిలో ఆశీర్వాదం జరగాలన్న కోరిక ఉంది. ఆ రాత్రి ఆ ప్రశ్న తేలలేదు. మామగారు చివరికి అన్న మాట, "నిజం చెప్పావు, మిగిలింది నేను ఆలోచించుకోవాలి" అని మాత్రమే.

ఇలాంటి ప్రశ్న ఏ ఇంట్లోనైనా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అది మొదటి ప్రయాణంలోనే రావడం మంచిదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అయితే ఆ ప్రశ్న బల్లకు ఎదురెదురుగా కూర్చుని, ఒకరినొకరు పరీక్షించుకునే స్థితిలో వచ్చి ఉంటే నేను తట్టుకోగలిగేదాన్ని కాదు. అంతకు ముందు రెండు మూడు పూటలు ఒకే బకెట్టులో గుడ్డలు పిండుకున్నాం కాబట్టి, అంత కఠినమైన మాట తరువాత కూడా మరునాడు పొద్దున మామగారు నా కోసం చేతి తొడుగులు వెతికి తెచ్చి ఇచ్చారు, నేను తీసుకుని తొడుక్కున్నాను. తొలిసారి వెళ్లేవాళ్లు ఇంట్లో ఏదో ఒక పని సాగుతున్న సమయం చూసుకుని వెళ్లడం మేలని నేను అనడానికి కారణం ఇదే. విందుకు వెళితే మాట్లాడడం తప్ప చేయడానికి ఏమీ ఉండదు, భాష రానివాళ్లకు అదే అన్నిటికన్నా కష్టం.

నవంబరు 1 ప్రభుత్వ సెలవు. దుకాణాలన్నీ మూసి ఉంటాయి, శ్మశానం గేటు ముందు చామంతి కుండీలు, దీపాలు అమ్మేవాళ్లు మాత్రం ఉంటారు. కార్ల రద్దీ ఎంత ఉంటుందంటే పోలీసులు దేశమంతటా దారి మళ్లింపులు పెట్టి, అదనపు సిబ్బందితో నిలబడతారు. మధ్యాహ్నం ఆరాధన జరిగాక ఫాదరు ముందు నడుస్తుండగా అందరూ సమాధుల మధ్యగా ఊరేగింపు వెళ్లి, తరువాత ఎవరి కుటుంబపు సమాధి దగ్గర వాళ్లు నిలబడ్డారు. అప్పుడు మొదలైంది నన్ను పరిచయం చేయడం. మేనత్తలు, చిన్నాన్నలు, పెద్దమ్మల కుటుంబాలు ఒక సమాధి నుంచి ఇంకో సమాధికి నడుస్తూ మా దగ్గరికి వచ్చి, ముందు రాయి వైపు తిరిగి శిలువ గుర్తు వేసుకుని, ఆ తరువాత నా వైపు తిరిగి చేయి కలిపారు. తాతగారి తమ్ముడు ఒకాయన, చాలా పెద్దవారు, టోపీ తీసి, వంగి నా చేతిని ముద్దు పెట్టుకున్నారు. అది పాతతరం మగవాళ్లలో మిగిలి ఉన్న మర్యాద అట. ఆయన నన్ను నాయనమ్మగారి పక్కనే నిలబడమని సైగ చేస్తే, ఆవిడ కొంచెం జరిగి చోటు ఇచ్చారు.

అక్కడి దీపం గాజు గిన్నెలో మైనంతో ఉంటుంది, గాలికి ఆరకుండా పైన చిల్లులున్న మూత ఉంటుంది, మైనం అయిపోతే లోపలి దిమ్మెను మార్చుకుంటారు. ఆ కాలంలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. అప్పటికి ప్రతి రాయి మీదా ఎర్రవి, తెల్లవి, పచ్చవి గాజు దీపాలు వెలుగుతున్నాయి. పిల్లలు మూతలు తీసి, ఆరినవాటిని మళ్లీ వెలిగిస్తూ తిరుగుతున్నారు. జనం మెల్లగా మాట్లాడుకుంటున్నారు గాని ఏడుపులు లేవు. చలి, మైనం వాసన, నలిగిన చామంతుల వాసన కలిసిపోయి ఉన్నాయి.

ఇంటికి బయలుదేరుతామనుకుంటుండగా అత్తగారు సంచిలోంచి ఇంకొక దీపం తీశారు. శ్మశానం మధ్యలో ఒక పెద్ద శిలువ ఉంటుంది. సమాధులు దూరాన ఉన్నవారి కోసం, ఎక్కడున్నాయో తెలియని వారి కోసం ఆ శిలువ కింద దీపాలు పెడతారు. నన్ను అక్కడికి తీసుకువెళ్లి, దీపం నా చేతిలో పెట్టి, "మీ నాన్నగారికి" అన్నారు. నాన్న పేరు చెప్పమని అడిగి, రెండుసార్లు పలికి చూసుకుని, నేను వెలిగిస్తుంటే ఆ పేరుతో కలిపి తమ ప్రార్థన చదివారు. మా నాన్నకు సమాధి లేదు, అస్థికలు గోదావరిలో కలిపాం. ఆ మాట కూడా చెప్పాను. ఆవిడ తల ఊపి, అయితే నీళ్లున్న ప్రతిచోటా ఉన్నట్టే కదా అన్నారు. నేను అంతవరకు నిబ్బరంగానే ఉన్నాను, ఆ మాటకు ఉండలేకపోయాను.

మరునాడు అమ్మకు ఫోను చేసి జరిగింది చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత అడిగింది: "పేరు ఇంటిపేరుతో సహా సరిగ్గా చెప్పావా?" చెప్పానన్నాను. "ఆవిడకు నా నమస్కారం చెప్పు. మహాలయ అమావాస్యకు ఇక్కడ బ్రాహ్మణుడికి స్వయంపాకం ఇచ్చేటప్పుడు వాళ్ల పెద్దాయన పేరు కూడా చెప్పిస్తాను, ఏమని పిలవాలో రాసి పంపు" అంది. తాతగారి పేరును నేను తెలుగు అక్షరాల్లో రాసి పంపాను.

తిరుగు ప్రయాణానికి ముందు క్రాకోవ్‌లో ఆగి రాకొవిత్స్కీ శ్మశానం చూశాం. చిత్రకారుడు యాన్ మాతెయ్కో, 1996లో సాహిత్యంలో నోబెల్ బహుమతి పొందిన కవయిత్రి వీస్వావా షింబోర్స్కా అక్కడే ఉన్నారు. పెద్దపెద్ద చెట్ల కింద శిల్పాలతో ఉన్న ఆ చోటు చాలా అందమైనదే. కాని మా ఊరి వాలు నేల మీద మామగారు చూపినట్టు పుల్లతో అక్షరాలు గీరి వచ్చాక నా మనసు ఆ శిల్పాల మీద నిలవలేదు.

బయలుదేరే రోజు పొద్దున మామగారు తన ఆలోచన చెప్పారు. చర్చి పెళ్లి విషయం తన కొడుకు మనస్సాక్షికి వదిలేస్తున్నాననీ, నాయనమ్మగారి తృప్తి కోసం మా పెళ్లి తరువాత ఇంట్లో ఫాదరును పిలిచి ఒక ప్రార్థన చేయిస్తే నేను వచ్చి కూర్చుంటానా అనీ అడిగారు. తప్పకుండా కూర్చుంటానన్నాను. పెళ్లిని ఇక్కడ 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదు చేయించాలని నిర్ణయించుకున్నాం. నోటీసు ఇచ్చాక ముప్పై రోజులు ఆగాలి, నోటీసుకు ముందు ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం ముప్పై రోజులుగా ఉంటూ ఉండాలి కాబట్టి, ఆ లెక్కలు చూసుకుని ముహూర్తం అమ్మే పెట్టించింది. అత్తగారు, మామగారు, అక్కగారి కుటుంబం ఈ-వీసాలకు దరఖాస్తు చేస్తున్నారు. నాయనమ్మగారు అంత దూరం విమానంలో రాలేరు. అందుకని ఆవిడ కోసం పెళ్లి మొత్తం ఫోనులో చూపించే పని అక్కగారి అబ్బాయికి అప్పగించారు.